ఒంటె ఎక్కాలని ఉంది!

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్ ఆగిపోవడం వింతేమీ కాదు. కానీ ఆ రోజు ఆగిన కారణం మాత్రం వింతే! మెట్రో స్తంభాల నీడలో, ఎవరి హారన్లూ తనకు పట్టనట్టు, తాపీగా ఓ ఒంటె నడిచిపోతోంది. వీపు మీద అద్దాలు కుట్టిన గుడ్డ, మెడలో గంటలు, ముందు తాడు పట్టుకున్న కుర్రాడు. ఆటోలో నా పక్కన మా అత్తమ్మ. కళ్లు చూపించుకుని నాచారం తిరిగి వెళుతున్నాం. కళ్లలో మందు వేయడంతో అప్పటిదాకా కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి, గంటల చప్పుడు వినగానే తల బయటికి పెట్టింది.

"లొట్టిపిట! మా తాత దీన్ని గట్లనే అంటుండె" అంది. కాసేపు ఊరుకుని, నాకు వినపడిందో లేదో అన్నంత మెల్లగా, "నాకు గూడ ఒక్కసారి దాని మీద ఎక్కాలని ఉండె బిడ్డా" అంది.

అత్తమ్మకు అరవై తొమ్మిదేళ్లు. ఆమె కోడలిగా ఇన్నేళ్లలో 'నాకు ఇది కావాలి' అని ఆమె నోట నేను విన్న మొదటి మాట అదే అంటే నమ్ముతారా?

ఇంటికొచ్చాక టీ తాగుతూ అడిగితే మిగతా కథ చెప్పింది. నలభయ్యేళ్ల కిందటి నాచారం ఇలా ఉండేది కాదు. అపార్టుమెంట్లు లేవు. ఫ్యాక్టరీల సైరన్లు, ఖాళీ జాగాలు, చెరువు. మామయ్య ఓ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవారు. ఆదివారం పూట అప్పుడప్పుడు ఒంటెవాడు వీధిలోకి వచ్చేవాడు. పిల్లలంతా వెనక పరుగో పరుగు! అత్తమ్మ కొంగుముడి విప్పి చిల్లర ఇచ్చి, మావారినీ మా ఆడపడుచునూ ఎక్కించేది. వాళ్లు వీధి చివరిదాకా వెళ్లి వచ్చేవరకు ఇద్దరి చెప్పులూ చేత్తో పట్టుకుని నిలబడేది.

"మరి నువ్వెందుకు ఎక్కలేదు అత్తమ్మా?"

"ఏం మాట్లాడుతవ్! చీర గట్టుకున్న ఆడిది ఒంటె ఎక్కితే వాడకట్టంత నవ్వదా?"

నవ్వుతూనే అంది. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

అయిదుగురి చీటీ

మేం అయిదుగురం రోజూ పొద్దున్నే కాలనీ పార్కులో నడుస్తాం. పక్కింటి టీచరుగారు, ఎదురింటి వదిన, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, టైలరింగు చేసే అక్క, నేను. నెలకు తలా వెయ్యి చొప్పున చీటీలా వేసుకుంటూ వచ్చాం. 20 నెలలు పూర్తయితే మనిషికి 20 వేలు. తలా కాస్త బంగారం కొనుక్కుందామన్నది మొదటి ఆలోచన. తీరా డబ్బు చేతికొచ్చే సమయానికి బంగారం ధర మాకు అందకుండా పోయింది!

"అయితే ఎక్కడికన్నా వెళ్లొద్దాం" అంది బ్యాంకు అమ్మాయి. తిరుపతి, షిర్డీ, ఊటీ... ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. నేను మాత్రం అత్తమ్మ మాట చెప్పాను. అందరూ ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత టైలరింగు అక్క, "నేనూ ఇంతవరకు ఎక్కలేదు. పోదాం పట్టు" అంది. అంతే, జైసల్మేర్ ఖాయమైపోయింది.

ఇంట్లో చెప్పడమే తరువాయి. మావారు పేపరు పక్కన పెట్టి, "ఏడారికా? అమ్మనా? ఏమన్నా అయితే ఎవరు జవాబుదారీ?" అన్నారు. ఆడపడుచు ఫోనులో, "ఆ డబ్బుతో కాశీ తీసుకెళ్లు వదినా, పుణ్యమన్నా వస్తుంది" అంది. అత్తమ్మ ఫోను తన చేతిలోకి తీసుకుంది. "కాశికి మీ నాయినతోని పోయొచ్చిన బిడ్డా. ఇది నాకోసం. పైసలు గూడ నా పించినువే" అని చెప్పి పెట్టేసింది. ఇక ఆ ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు!

ఎప్పుడు వెళ్లాలి?

ప్రయాణమంటే మగవాళ్లు సెలవులు చూసుకుంటారు. ఆడవాళ్లం పండగలు, పరీక్షలు, పెళ్లిళ్లు, నెలసరి... అన్నీ చూసుకోవాలి కదా! థార్ ఎడారిలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ ఊసే వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. కార్తీకంలో నోములూ దీపాలూ, మాఘం వచ్చిందంటే పెళ్లిళ్లు. మధ్యలో పుష్యం! శూన్యమాసమని ఎవరూ ముహూర్తాలు పెట్టుకోరు. సంక్రాంతి అయిన వారానికి బయల్దేరితే సకినాలు, అరిసెలు డబ్బాల్లో ఉంటాయి, పిల్లల పరీక్షలకు ఇంకా వ్యవధి ఉంటుంది. ఈ లెక్క చెప్పింది ఎదురింటి వదిన. మేనేజరు ఉద్యోగం ఇవ్వొచ్చు ఆమెకు.

జైసల్మేర్‌లో ఏటా మాఘ పౌర్ణమితో ముగిసేలా మూడు రోజులు ఎడారి ఉత్సవం చేస్తారు. ఒంటెల పందాలు, తలపాగాలు చుట్టే పోటీలు, జానపద సంగీతం అన్నీ ఉంటాయి. సరదా ఎక్కువే, జనమూ ఎక్కువే. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం, ధరలు పెరుగుతాయి. పెద్దావిడతో వెళుతున్నాం కనుక మేం దాన్ని వదులుకున్నాం.

ఒక సంగతి మరచిపోకండి. ఎడారి అనగానే ఎండే గుర్తొస్తుంది మనకు. జనవరి రాత్రులు అక్కడ ఎముకలు కొరికే చలి. పగలు పల్చటి నూలు బట్టలు, రాత్రికి స్వెట్టరు, మంకీ క్యాపు, సాక్సు... రెండు కాలాల సామానూ ఒకే పెట్టెలో సర్దుకోవాలన్నమాట.

రైలు టికెట్ల కిటుకు

ఇదివరకు జోధ్‌పూర్ వెళ్లడమంటే ఎక్కడెక్కడో రైళ్లు మారాలనేవారు. 2025 జూలైలో కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనే ఉన్న భగత్ కీ కోఠీ స్టేషనుకు రోజూ రైలు మొదలయ్యింది. నాచారంలో ఆటో ఎక్కితే కాచిగూడ ఎంత దూరమని! రైల్లో ఒకటిన్నర రోజుకు పైనే పడుతుంది. అక్కడి నుంచి జైసల్మేర్ మరో 300 కిలోమీటర్ల లోపు, రైలైనా బస్సైనా ఉంటాయి. అత్తమ్మ నడుము కోసం జోధ్‌పూర్‌లో ఓ పగలూ రాత్రీ విశ్రాంతి పెట్టుకున్నాం.

రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు చేసుకునేవాళ్లం. 2024 నవంబరు నుంచి అది 60 రోజులే. పెద్దవాళ్లకు ఇచ్చే చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. కానీ కింది బెర్తు కోటా ఉంది. 45 ఏళ్లు నిండిన ఆడవాళ్లకూ అది వర్తిస్తుంది. అయితే టికెట్‌లో ఒక్కరో ఇద్దరో ఉంటేనే! ఆరుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా కిందికి రాదు. అందుకే మేం ఇద్దరిద్దరి పేర్లతో మూడు టికెట్లు తీసుకోవాలని నిర్ణయించాం. ఈ చిన్న సంగతి తెలియక పైబెర్తుకు ఎక్కలేక అవస్థపడే అత్తగార్లు, అమ్మలు ఎంతమందో!

సామ్ మంచిదా, ఖురీ మంచిదా?

జైసల్మేర్ ఊరిని 1156లో రావల్ జైసల్ కట్టించాడు. పసుపు రంగు రాతికోటలో ఇప్పటికీ జనం కాపురాలు ఉంటున్నారు. 2013లో రాజస్థాన్ కొండకోటలతో పాటు దీన్నీ యునెస్కో వారసత్వ సంపదలో చేర్చింది. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన 'సోనార్ కెల్లా' సినిమాతో బెంగాలీలకు ఈ ఊరంటే మోజు పుట్టింది. అందులో ఒంటె ఎక్కడానికి హడలిపోయే రచయిత ఒకాయన ఉంటాడు. ఆ దృశ్యం చూసి మేం కడుపుబ్బ నవ్వాం, మా గతి ఏమవుతుందో తెలియకుండానే!

ఇసుక దిబ్బలకు రెండు చోట్లు పేరు పొందాయి. ఊరికి పడమరగా 40 కిలోమీటర్ల దూరాన సామ్. పెద్ద పెద్ద దిబ్బలు, వరసగా గుడారాలు, రాత్రి పాటలూ డాన్సులూ, జీపుల రొద. నైరుతి దిక్కున దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఖురీ. అది పల్లెటూరు. దిబ్బలు కాస్త చిన్నవి, జనం తక్కువ, ప్రశాంతంగా ఉంటుంది. బ్యాంకు అమ్మాయికి సామ్ మీద మోజు. మిగిలినవాళ్లం ఖురీ అన్నాం. చివరికి ఖురీలో ఒక రాత్రి, సామ్‌లో ఒక సాయంత్రం అని రాజీకొచ్చాం.

ఇంకో ముఖ్యమైన మాట... మనకు అసలు సమస్య బాత్రూముతోనే కదా! దిబ్బల మీదే ఆరుబయట రాత్రి పడుకునే సఫారీలు ఉన్నాయి. నక్షత్రాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయట గానీ అక్కడ చాటు ఉండదు. అందుకని బాత్రూము జతగా ఉన్న గుడారమో గదో చూసుకుని, సవారీకి మాత్రం సాయంత్రం ఓ గంటన్నర వెళ్లి రావడం మేలు. బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు చాలామంది. అది మహా పొరపాటు. అటు వడదెబ్బ, ఇటు మూత్రంలో మంట... రెండూ పట్టుకుంటాయి.

ఒంటె లేచేటప్పుడు చూడాలి!

మా వీధి చివర రాజస్థానీ కుటుంబం వాళ్ల దుకాణం ఉంది. ఆ ఇంటావిడను మేమంతా భాభీ అంటాం. జోధ్‌పూర్ దగ్గరి పల్లె ఆమెది. మేం వెళుతున్నామంటే పొంగిపోయి, దుకాణం ముందు స్టూలు వేసుకుని మాకు పాఠం చెప్పింది.

ఒంటె ముందు వెనక కాళ్ల మీద లేస్తుందట. అప్పుడు పైనున్న మనిషి ముందుకు తూలుతుంది. కనుక ముందే వెనక్కి వాలి, జీను కొయ్య గట్టిగా పట్టుకోవాలి. వెంటనే ముందు కాళ్లు లేస్తాయి. ఈసారి వెనక్కి తూలుతాం. దిగేటప్పుడు ముందు మోకాళ్ల మీద కూలబడుతుంది. మళ్లీ వెనక్కి వాలాలి. "ఎక్కడం, దిగడం... ఈ రెండే భయం. మధ్యలో ఉయ్యాల!" అంది. ఒక పక్క రెండు కాళ్లూ దాదాపు ఒకేసారి కదిలిస్తుంది ఒంటె. మనకు ఊగినట్టు అనిపించేది అందుకే. బిగదీసుకుని కూర్చుంటే నడుము పట్టేస్తుంది. దాని ఊపుకు మనమూ వదులుగా ఊగాలి.

చీర సంగతి అడిగాం. భాభీ నవ్వింది. "మా ఘాగ్రా వేరు. మీరు మాత్రం సల్వారో ప్యాంటో వేసుకోండి" అంది. తొడలు ఒరుసుకుపోకుండా లోపల బిగుతు లెగ్గింగు, కాలికి బూటు, మెడకు ముఖానికి చుట్టుకునేందుకు పెద్ద నూలు చున్నీ. జారిపోయే సిల్కు బట్టలు, వేలాడే నగలు వద్దు. చున్నీ కొసలు వదిలేయకుండా దోపుకోవాలి. అత్తమ్మ పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టలేదు. టైలరింగు అక్క ఆమె కోసం జేబులున్న నూలు సల్వారు కుట్టింది. వేసుకుని అద్దం ముందు నిలబడి, "జేబులు మంచిగున్నయి" అంది అత్తమ్మ. అదొక్కటే ఆమె ఇచ్చిన సర్టిఫికెట్టు!

చీరల కింద దాచిన కాగితం

అన్నీ సవ్యంగా జరుగుతున్నాయనగా టీచరుగారు పట్టుబట్టారు. "నలభై అయిదు దాటినవాళ్లమంతా ఓసారి పరీక్షలు చేయించుకుందాం" అని. బీపీ, షుగరు, వాటితో పాటు ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష. మా అందరివీ ఫరవాలేదు. అత్తమ్మ వెన్నెముకకు టి-స్కోరు మైనస్ 3.1 వచ్చింది. మైనస్ 2.5, అంతకంటే తక్కువ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క.

డాక్టరమ్మ నన్ను విడిగా కూర్చోబెట్టి చెప్పారు. "రైలెక్కొచ్చు, నడవొచ్చు. ఒంటె మాత్రం వద్దు. లేచేటప్పుడు, కూర్చునేటప్పుడు పడే కుదుపుకు వెన్నుపూస నలిగిపోవచ్చు. కింద పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం. ఈ వయసులో తుంటి విరిగితే మళ్లీ మునుపటిలా నడవలేనివాళ్లు చాలామంది." క్యాల్షియం, విటమిన్ డి, ఎముకలకు మందు రాసిచ్చారు. బహిష్టులు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఆడవాళ్ల ఎముకలు త్వరగా బలహీనపడతాయనీ, నొప్పీ గిప్పీ లేకుండానే గుల్లబారిపోతాయనీ, చాలామందికి ఎముక విరిగాకే సంగతి తెలుస్తుందనీ అన్నారు. అత్తమ్మ ఒంటె ఎక్కాలనుకోకపోతే మాకూ తెలిసేది కాదేమో!

ఇక్కడ నేను చేసిన పని దాచుకోకుండా చెప్పాలి. ఆ రిపోర్టు తెచ్చి రెండు రోజులు బీరువాలో చీరల కింద పెట్టాను. మావారు చూస్తే ప్రయాణమే వద్దంటారని భయం. అత్తమ్మకు తెలిస్తే నిరాశపడుతుందని ఇంకో సాకు. రెండో రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే అసలు సంగతి తెలిసొచ్చింది. అత్తమ్మ కోరిక తీర్చాలన్న మాట నిజమే. కానీ దాని వెనక నా కోరికా ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్తా పిల్లలూ లేకుండా నేను ఊరు దాటింది లేదు. అత్తగారిని తీసుకెళుతున్నానంటే ఎవరూ కాదనలేరు. నాకు వెళ్లాలని ఉందంటే ఏమంటారో! ఆమె పేరు అడ్డం పెట్టుకుని నేను బయల్దేరుతున్నానన్నమాట. ఆ కోరిక కోసం ఆమె వెన్నెముక పణం పెట్టబోయాను.

తెల్లారి కాగితం తీసి ఇద్దరి ముందూ పెట్టాను. మావారు నేననుకున్నట్టే, "అయితే మానెయ్యండి" అన్నారు. అత్తమ్మ ఏమీ అనలేదు. ఆ సల్వారు మడతపెట్టి పెట్టె అడుగున పెట్టింది. రెండు రోజులు పార్కు వైపు కూడా రాలేదు.

బండి మాట భాభీ చెప్పింది

సంగతి తెలిసి భాభీ ఇంటికొచ్చింది. "ఒంటె ఎక్కలేకపోతే ఒంటెబండి ఎక్కండి అమ్మాజీ" అంది. వాళ్ల వైపు సామాన్లూ మనుషులూ ఒంటెబండ్ల మీదే తిరిగేవారట. పాత విమానాల టైర్లు బిగిస్తారట వాటికి. సామ్ దగ్గర పెద్దవాళ్లను, పిల్లల తల్లులను దిబ్బల దాకా బండ్ల మీదే తీసుకెళతారట. నేను మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఆలోచించి కొన్ని షరతుల మీద సరేనన్నారు. మెత్తటి ఇసుక మీదే, నడక వేగంతోనే. రాళ్లదారిలో వద్దు. కింద మందంగా పరుపు, వీపుకు ఆనుడు, పక్కన పట్టుకునే మనిషి. ఎక్కడానికి దిగడానికి స్టూలు. అదీ అరగంటకు మించకూడదు.

అత్తమ్మ మాత్రం మొహం తిప్పుకుంది. "బండి ఎక్కితే లొట్టిపిట ఎక్కినట్టా? ఎడ్లబండి ఎక్కలేదా నేను?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా! కోరుకున్నది ఒకటి, దొరికేది ఇంకొకటి. దాన్నే అదనుకోమని చెప్పడానికి మనమెవరం? నేనేమీ నచ్చజెప్పలేదు. "నువ్వెట్లంటే అట్లా అత్తమ్మా. నువ్వు రాకుంటే మేమూ వెళ్లం" అన్నాను.

దాని కష్టం కూడా చూడాలి కదా!

ఈలోగా మేం ఒంటెల గురించి కాస్త చదివాం. దాని మూపురంలో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు. దాహమేసినప్పుడు పావుగంటలో 100 లీటర్ల దాకా తాగేయగలదు. ఇసుక పడకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. రెండు వరసల కనురెప్పల వెంట్రుకలు, ఇసుకలో దిగబడని వెడల్పాటి మెత్తటి పాదాలు దానికి దేవుడిచ్చిన వరాలు. రాయికా కులంవాళ్లు తరతరాలుగా వీటిని పెంచుతున్నారు. బికనీర్‌లో 1984 నుంచి వీటి కోసమే ఓ పరిశోధన కేంద్రం ఉంది.

ఇంత గట్టి జీవికీ కష్టకాలమే. మన దేశంలో 2012 పశుగణనలో సుమారు 4 లక్షల ఒంటెలు ఉంటే, 2019 నాటికి రెండున్నర లక్షలయ్యాయి. పొలానికి ట్రాక్టరు, సామాన్లకు లారీ వచ్చాయి. మేతకు బీళ్లు తగ్గాయి. రాజస్థాన్ 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించి, 2015లో వధనూ, అనుమతి లేకుండా రాష్ట్రం దాటించడాన్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. దాన్ని కాపాడాలనే చేశారు. కానీ కొనేవాళ్లు తగ్గి మగ ఒంటెలకు ధర పడిపోయిందని పెంచేవాళ్లు వాపోయారు. ఐక్యరాజ్యసమితి 2024ను ఒంటె జాతుల సంవత్సరంగా జరిపింది.

ఇదంతా మనకెందుకంటారా? మనం ఎక్కే ఒంటె ఆ ఇంటికి అన్నం పెట్టే బిడ్డ. అందుకని ఒంటెకు ఒక్కరే ఎక్కాలనుకున్నాం. జీను కింద పుండ్లుంటే, కుంటుతుంటే, ముక్కు దగ్గర నెత్తురు కనిపిస్తే ఆ ఒంటె వద్దని చెప్పాలి. మిట్టమధ్యాహ్నం ఎక్కకూడదు. కొట్టి పరుగెత్తించమని ఎంత సరదాకైనా అడగకూడదు.

దారిలో జమ్మిచెట్టు

భాభీ ఓ రోజు గిన్నెలో కూర తెచ్చింది. ఎండిన సన్నటి కాయలు, చిన్న చిన్న పళ్లలాంటివి కలిపి నూనెలో మగ్గించింది. కేర్-సాంగ్రీ అట. సాంగ్రీ అంటే ఖేజ్రీ చెట్టు కాయలు. ఖేజ్రీ అంటే ఏదనుకున్నారు? మన జమ్మిచెట్టే! దసరాకు మనం ఆకు పంచుకుని అలయ్ బలయ్ చేసుకునే చెట్టు. తెలంగాణకు, రాజస్థాన్‌కు ఇద్దరికీ అదే రాష్ట్ర వృక్షం. అక్కడ మేకలకు, ఒంటెలకు దాని ఆకే మేత. కరువుకాలంలో మనుషులకూ దాని కాయే కూర.

జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ అనే పల్లె ఉంది. 1730లో రాజుగారి మనుషులు కట్టెల కోసం ఖేజ్రీ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే బిష్ణోయీ మహిళ చెట్టును కావలించుకుని ప్రాణాలిచ్చింది. ఆమె వెనకే ముగ్గురు కూతుళ్లు. మొత్తం 363 మంది బిష్ణోయీలు చెట్ల కోసం చనిపోయారు. జోధ్‌పూర్‌లో ఆగే రోజున అక్కడికి వెళ్లాలని టీచరుగారు రాసిపెట్టారు. అత్తమ్మ ఈ కథ విని, కూర ఇంకోసారి వడ్డించుకుని, "జమ్మికాయతోని కూర జేస్తరని ఇన్నేండ్లు తెల్వకపాయె" అంది. అలక కొద్దిగా దిగిందని నాకప్పుడే అర్థమైంది.

బయల్దేరే ముందు...

• గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, డిస్కు జారినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు ఒంటె ఎక్కకూడదు. 50 దాటినవాళ్లు డాక్టరును అడిగే వెళ్లాలి.

• ఎంత డబ్బు, ఎంతసేపు, ఒంటెకు ఎందరు, తాడు పట్టుకుని మనిషి నడుస్తాడా... అన్నీ ఎక్కకముందే మాట్లాడుకోండి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి.

• మనిషికో నీళ్ల సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చిలైటు, వాడే మందులు చేతిసంచీలోనే ఉండాలి.

• నెలసరి అప్పుడే రావచ్చు. ప్యాడ్లు, పాత పేపర్లు, మూత ఉన్న సంచీ పెట్టుకోండి. వాడినవి ఇసుకలో పూడ్చకుండా వెనక్కి తెచ్చుకోండి.

• ఎక్కడ ఉంటున్నదీ, ఎవరితో వెళుతున్నదీ ఇంట్లో రాసి ఇవ్వండి. దిబ్బల్లో ఫోను అన్నిచోట్లా పలకదు. చీకటి పడకముందే గుడారానికి చేరండి.

• నెల ముందు నుంచే నడక, తొడలు నడుము సాగదీసే వ్యాయామాలు మొదలుపెట్టండి. మాకు రోజూ పొద్దున పార్కులో ఇదే పని!

చెప్పులు ఎవరు పట్టుకోవాలి?

రిజర్వేషన్ తెరిచే రోజు దగ్గరపడింది. ముందురోజు రాత్రి మావారు నా పక్కన కూర్చుని, "అమ్మ ఏమంది?" అని అడిగారు. ఇంకా ఏమీ అనలేదన్నాను. కాసేపాగి, "చిన్నప్పుడు నేను దిగి వచ్చేదాకా ఎండలో నిలబడేది. నువ్వూ ఎక్కమ్మా అని ఒక్కసారన్నా అనలేదు నేను" అన్నారు. అంతకు మించి ఏం మాట్లాడలేదు. పొద్దున లేచి చూస్తే కుర్చీకి కట్టుకునే నడుం బెల్టు, మడతపెట్టే చిన్న స్టూలు హాల్లో ఉన్నాయి. ఎప్పుడు తెచ్చారో!

అత్తమ్మ వాటిని తిప్పి తిప్పి చూసింది. పెట్టెలోంచి సల్వారు తీసి కొక్కేనికి తగిలించింది. వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"బండి బండే, ఒంటె ఒంటే. నేను గది ఇది ఒకటనుకోను" అంది. "అయినా వస్త. దాని మెడ మీద చెయ్యేసి ఒక్కసారి నిమురుత. నువ్వు మాత్రం మంచిగ ఎక్కు. నా పేరు చెప్పి నువ్వు ఆగొద్దు."

నాకు మాట రాలేదు. ఆమెకు ముందే తెలుసన్నమాట, నా మనసులో ఏముందో!

"ఒక్కటి చెప్తున్న బిడ్డా" అంది వెళుతూ వెళుతూ. "గా బండైనా సరే, నేను ఎక్కి దిగేదాక నా చెప్పులు నువ్వే పట్టుకోవాలె."

అయిదింటికే లేచి ఫోను చేత్తో పట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా ఎనిమిదింటికి మూడు టికెట్లలో మొదటి దాని మీద రెండు పేర్లు కొట్టాను. పైన ఆమెది, కింద నాది.